చెప్పులు విప్పే చోటు

దారిపట్టీలు కట్టుకుని మొట్టమొదటిసారి విజయనగరం చూడబోయిన పన్నెండుమందీ, సున్నపు బట్టీ వీధిలో ఒక బూడిదరంగు తలుపు ముందు ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పేశారు. అక్కడ గుడి లేదు, దర్గా లేదు. మురుగుకాలవ, దాని మీద రాతిపలక, పలక మీద నిద్రపోతున్న మేక, అంతే. ఆ పన్నెండుమందిలో మంత్రిగారి భార్య కూడా ఉంది. ఆవిడ తన తళుకుల చెప్పులు మేక పక్కన వదిలేసి, తలుపు పక్కనున్న చిన్న కిటికీ కిందికి వెళ్ళి, కాలివేళ్ళ మీద లేచి లోపలికి తొంగిచూసింది. మిగతావాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఎవరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు. కాళ్ళు చెయ్యమన్నాయి, చేశారు.

నేను వాళ్ళ వెనక నిలబడ్డాను. ఆ కిటికీ లోపల ఎవరున్నారో వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు. అక్కడున్న మనిషి సంగతి చంపావతి నది అవతలి ఒక ఊరికి తెలిస్తే ఆమె ప్రాణం దక్కదని కూడా తెలుసు.

దారిపట్టీ పెద్ద వింతేమీ కాదు. మోకాళ్ళ కింద చుట్టుకునే రెండు రబ్బరు పట్టీలు. వాటి లోపలి బిళ్ళలు పిక్కల్లో నరాల్ని సన్నగా మీటుతాయి. కొత్త గిత్తకి అరక నేర్పడానికి పక్కన పాత ఎద్దుని కడతారు చూడండి, ఆ పాత ఎద్దు చేసే పనే ఇది చేస్తుంది. పటం అక్కర్లేదు, గైడు అక్కర్లేదు, ఎవర్నీ దారి అడగక్కర్లేదు. మూడు లాంతర్ల కూడలి దగ్గర కట్టుకుని నిలబడితే కాళ్ళే కోటకి తీసుకెళ్తాయి, చూడాల్సినచోట ఆగుతాయి, చూడ్డం అయ్యాక కదులుతాయి. ఎదురుతిరిగితే పిక్కలు లాగుతాయి గానీ పట్టీ బలవంతం చెయ్యదు. నూటికి తొంభైమంది ఎదురుతిరగరు.

ఈ పట్టీలు తయారుచేసే మా కంపెనీకి దొరికిన పాత ఎద్దు పేరు లోకనాథం. అరవై దాటిన గైడు. ముప్ఫై ఏళ్ళుగా రోజూ నది దాటి బస్సులో వచ్చి, వచ్చినవాళ్ళకి ఊరు చూపించి, సాయంత్రం తిరిగి వెళ్ళిపోయేవాడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. అయినా ఎక్కడ ఎండపడుతుందో, ఏ పూటకి ఏ గోడ నీడ ఎటుంటుందో ఆయన కాళ్ళకి తెలిసినంత మా యంత్రాలకి తెలియదు. ఆ నడకనే పట్టీల్లోకి ఎక్కించాలని మా డైరెక్టరు ఫణిభూషణ్ గారు పట్టుబట్టారు. ఎక్కించే పని నాది.

మొదటిరోజు రికార్డు చేసే పట్టీలు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు లోకనాథం.

"ఇది ఫొటో తీస్తాదా, వాసంతమ్మా?"

"తియ్యదు."

"మాటలింటాదా?"

"వినదు. ఉట్టి కాళ్ళే."

"కాళ్ళకేటి తెలుస్తాదిలే," అని నవ్వి, పంచె ఎగ్గట్టి కాళ్ళు చాపాడు.

నలభై రోజులు రోజూ పొద్దున్నే నడిచాడు. యంత్రం లెక్క చాలా మొరటుది. ఒకరోజు చేసి ఒకరోజు మానేసినది దుమ్ము కింద ఊడ్చేస్తుంది. అడ్డొచ్చిన ఆటో, తప్పించుకున్న ఆవుపేడ, తెలిసినవాడు కనపడితే ఆగి పెట్టిన బాతాఖానీ, అన్నీ పోతాయి. నలభై రోజులూ మానకుండా చేసినదాన్నే నడకగా ఉంచుకుంటుంది.

నలభై ఒకటో రోజు గీతలు చూస్తే కోట దగ్గర ఆగడం ఒకరోజు మూడు నిమిషాలు, ఒకరోజు ఆరు. గంటస్తంభం దగ్గరా అంతే. సున్నపు బట్టీ వీధిలో మాత్రం రోజూ పొద్దున్న పావుతక్కువ పదికి ఎడమ చెప్పు విప్పడం, కుడి చెప్పు విప్పడం, వేళ్ళ మీద లేవడం, ఏడు నిమిషాలు. తర్వాత వెనక్కి తిరగకుండా రెండడుగులు వెనక్కి. నలభై రోజుల్లో ఒక్కరోజు అర నిమిషం తేడా లేదు. మొత్తం నడకలో అంత గట్టిగా పడ్డ ముద్ర మరోటి లేదు.

"అదేంటి లోకనాథం గారూ, అక్కడేముంది చూడ్డానికి?" అని అడిగాను.

"ఏటుంటాది? కాలు నొప్పెడితే ఆగుతాను."

"కాలు నొప్పికి చెప్పులు విప్పి వేళ్ళ మీద లేస్తారా ఎవరైనా?"

ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. గోడకున్న తెర మీద ఆ గీతల్ని చూశాడు. "ఇది సెప్పులు ఇప్పినట్టు కూడా సూపెడతాదా?" అన్నాడు.

ఆ సాయంత్రం టీకొట్టు వెనక బల్ల మీద కూర్చుని చెప్పాడు.

"నా కూతురమ్మా అక్కడున్నది. హైమ. రెండేళ్ళ కిందట రాజారత్నం అని కులం కాని కుర్రోడితోటి ఎల్లిపోనాది. ఊళ్ళో పెద్దలు కూకున్నారు. పిల్ల సచ్చిపోనాదని అనుకోమన్నారు. అనుకున్నాను. దినం పెట్టినాం. నా కొడుకు ముకుందరావు గుండు గీయించుకున్నాడు. ఎక్కడ కనబడితే అక్కడ నరికీస్తానని నలుగురి ముందరా అన్నాడు. నన్నయితే దానితోటి జన్మలో మాట్లాడనని ఒట్టెయ్యమన్నారు. ఏసినాను."

"మరి రోజూ వెళ్తున్నారుగా?"

"మాట్లాడనని ఏసినాను. సూడనని ఎయ్యలేదు కదమ్మా."

ఆరునెలల కిందట కోట చూపించి వస్తూ, ఆ వీధిలో బట్టలారేస్తున్న హైమని చూశాడట. ఆమే చూసింది. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. మర్నాడు అదే వేళకి ఆ కిటికీ తెరిచి ఉంది. లోపల ఉయ్యాల. ఉయ్యాల్లో నెలల పిల్ల. హైమ ఆ ఉయ్యాలని కిటికీకి ఎదురుగా జరిపి పెట్టింది. అంతే, ఆ తండ్రీకూతుళ్ళ మధ్య నడిచిన సంసారమంతా అదే. కిటికీ ఎత్తులో ఉంది కాబట్టి వేళ్ళ మీద లేవాలి. కూతురి గుమ్మం కాబట్టి చెప్పులు విప్పాలి.

"ఆ ఏడు నిమిషాలూ కోసీయమ్మా. నీకు దణ్ణం పెడతాను. మావోడికి తెలిస్తే పిల్ల బతకదు," అన్నాడు.

కోస్తానని మాటిచ్చాను.

కోశాను కూడా. కోసి అతికిన నడకతో పట్టీలు కట్టి మా అటెండరు గురువులుని నడిపిస్తే, కోసిన చోట మోకాలు మడతపడి కాలవలో పడ్డాడు. ముందు పన్ను ఊడింది. ఒకచోట ఆగిన కాలు ఇంకోచోట నుంచి ఎలా కదులుతుంది? పది రకాలుగా అతికాను. పదిసార్లూ పడ్డాడు. కొత్తగా నడిపించాలంటే ఇంకో నలభై రోజులు కావాలి, మంత్రిగారు వచ్చేది వారంలో. ఫణిభూషణ్ గారి దగ్గరకెళ్ళి, కూతురి సంగతి చెప్పకుండా, ఆ చోటు తీసేద్దామన్నాను.

"పిచ్చిదానివా వాసంతీ? ఆ నడకకి ప్రాణమే అక్కడుంది. మిగతాచోట్ల ఆయన ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ ఇంకేదో చేస్తున్నాడు. ఏంటో తెలీదు గానీ, ఉంచు," అన్నారాయన.

లోకనాథానికి చెప్పేశాను. "కొయ్యడం కుదరదండీ. కోస్తే నడిచేవాళ్ళు పడిపోతున్నారు."

"పడిపోనీ," అన్నాడు చాలా నెమ్మదిగా. నేను విననట్టు ఊరుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. నేనూ పల్లెటూరిదాన్నే, నాకూ తెలివితేటలున్నాయి. మా ఊళ్ళో గోడ మీద ఎవరూ ఉచ్చ పొయ్యకూడదంటే దేవుడి బొమ్మ గీస్తారు. ఆ గోడ జోలికి ఇంకెవరూ రారు. నేనదే చేశాను. ఒక్కో చోటు గురించీ నడిచేవాళ్ళకి ఇచ్చే చీటీలో సున్నపు బట్టీ వీధి దగ్గర సొంతంగా నాలుగు ముక్కలు రాశాను: 'పూర్వం కోటలో దీపాలు పెట్టే ఒక ముత్తైదువ బిడ్డను కని ఇక్కడే కన్నుమూసింది. ఇది ఆమె గూడు. దూరం నుంచే దణ్ణం పెట్టుకోండి.' దేవత ఉన్నచోట మనిషిని ఎవరూ వెతకరనుకున్నాను.

పది రోజులు తిరిగేసరికి ఆ తలుపు ముందు చెప్పులు గుట్ట పడ్డాయి. పట్టీలు కట్టుకోనివాళ్ళు కూడా ఆ గుట్ట చూసి తామూ విప్పడం మొదలుపెట్టారు. గడపకి పసుపు, గోడకి కుంకం బొట్లు. పావుతక్కువ పదికి వచ్చినవాళ్ళకి కిటికీలోంచి ఉయ్యాల్లో పిల్ల కనపడేది. మిగతా వేళల్లో వచ్చినవాళ్ళకి మూసిన కిటికీ. దాంతో తల్లి అందరికీ కనపడదనీ, పిల్ల కనపడినవాళ్ళకి కడుపు పండుతుందనీ పుట్టింది. కిటికీ తల్లి అని పేరొచ్చింది. ఆ వీధిలో ఉండే సత్యం మేస్త్రి రేకుల చూరు వేసి, కొబ్బరికాయలు కొట్టడానికి బండ పాతి, పీచు తియ్యడానికి దాని పక్కన ఒక కత్తి పెట్టాడు.

నేను పెరటి దారిన వెళ్ళి హైమని కలిశాను. చామనఛాయ మనిషి, ఇరవైరెండేళ్ళుంటాయేమో. పిల్లకి గుజ్జన్నం పెడుతోంది.

"మీరేనా, మాయయ్య కాళ్ళు ఊరందరికీ పంచిపెట్టినోరు?" అంది.

తల దించుకుని, "కిటికీ తియ్యకు హైమా. కొన్నాళ్ళు మూసి ఉంచు," అన్నాను.

"మూసీస్తే మాయయ్య ఎవుల్ని సూస్తాడు?"

"బయట అంతమంది జనం. అందులో ఆయన వచ్చాడని నీకెలా తెలుస్తుంది?"

"ఎందుకు తెల్దు? వచ్చినోళ్ళందరూ లేచి, కళ్ళు ఇంతింత సేసుకుని సూస్తారు. మాయయ్య లేచి ముందర కళ్ళు మూసుకుంటాడు. కూసింతసేపాగి తెరుస్తాడు. పండగనాడు పొట్లం ఇప్పినట్టు." పిల్ల మూతి తుడిచింది. "మీకో సంగతి సెప్పనా? నిన్న రాజారత్నం సామాన్లు కడితే, మేస్త్రీ వాళ్ళొచ్చి ఆటో తాళం లాక్కున్నారు. ఉయ్యాల కదపడానికి నేదంట. మమ్మల్ని ఎల్లమన్నారు, పిల్లని ఒదిలీసి."

అప్పుడు ఫణిభూషణ్ గారికి మొత్తం చెప్పేశాను. ఆయన లేచి క్యాలెండరు చూశారు. చివరికి, "కంపెనీ వ్యానులో నేనే పంపిస్తాను. కానీ బుధవారం, గురువారం పత్రికలవాళ్ళు ఆ కిటికీ చూడ్డానికే వస్తున్నారు. శుక్రవారం పొద్దున్నే పంపుదాం. రెండు రోజులకి ఏం కొంపలంటుకుంటాయి?" అన్నారు. నేను సరేనన్నాను.

బుధవారం పొద్దున మూడు లాంతర్ల దగ్గర నేనే పట్టీలు కడుతున్నాను. ఒక జంట వచ్చింది. ఆమె పేరు సుగుణ అని చెప్పింది, చేతిలో పూలు, కొబ్బరికాయ. పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లల్లేరట. పక్కన మొగుడు తెల్లచొక్కా వేసుకుని, ఇష్టం లేనివాడిలా నిలబడ్డాడు. ఎవరికి కట్టినా పట్టీ పది నిమిషాలు తడుముకుంటుంది, ఆ కాలి తీరు అర్థం చేసుకోడానికి. అతనికి కట్టగానే పట్టు దొరికిపోయింది. నాలుగడుగులు వేసి, ఆగి, కాళ్ళకేసి చూసుకున్నాడు.

"ఇది మాయయ్య నడక," అన్నాడు.

"మీ నాన్నగారెవరండీ?" అన్నాను.

"లోకనాథం. ఇక్కడే గైడు. సిన్నప్పుడు ఆయనెనకాలే నడిచీవోణ్ని. ఎడమకాలు ఇలాగే లాగుతాడు."

"మీ పట్టీ సరిగ్గా లేదు. విప్పెయ్యండి, వేరేది కడతాను."

సుగుణ నా చెయ్యి తోసేసింది. "ఇప్పడానికి నేదు. కట్టినాక ఇప్పితే మొక్కు చెల్లదంట!"

వాళ్ళ కాళ్ళు కోటవైపు కదిలాయి. కోట దగ్గర ఆగుతారు, అంటే నాకు ఇరవై నిమిషాలుంది. సందుల్లో పడి పరిగెత్తాను. పెరటి తలుపు బాది, "మీ అన్న వస్తున్నాడు" అన్నాను. హైమ లేచింది. వెళ్ళి మూసున్న కిటికీకి గడియ పెట్టింది. పిల్లని ఎత్తుకుని గోడకి ఆనుకుని నిలబడింది.

"పక్కింట్లోకి పద," అన్నాను.

"పక్కిల్లు మేస్త్రీది. పిల్లతోటి పెరటి దారిన ఎల్లినా ఆడి మనుషులు ఆపీస్తారు," అంది.

బయట పావుతక్కువ పదయింది. తెరుచుకోవాల్సిన కిటికీ తెరుచుకోలేదు. మొదట గొణుగుడు, తర్వాత కేకలు. కెమెరాలవాళ్ళు, మొక్కుబడుల వాళ్ళు, అందరి ముందూ సత్యం మేస్త్రి. "తల్లి అలిగినాది! అమ్మా, తియ్యమ్మా!" అని అరుస్తూ గునపం తెచ్చాడు. పాత చెక్క. రెండు పోట్లకి గడియ ఊడి, రెక్కలు రెండూ లోపలికి తెరుచుకున్నాయి. జనం ఒక్కసారి దణ్ణాలు పెట్టారు.

నేను గదిలో ఉయ్యాల వెనక ఉన్నాను. లోపలి నుంచి ఆ కిటికీ ఎలా ఉంటుందో అదే మొదటిసారి చూడ్డం. నుదుళ్ళు, కళ్ళు మాత్రమే కనపడతాయి. మధ్యలో రెండు నుదుళ్ళు పక్కపక్కనే లేచాయి. ఒకటి ముడతలు పడింది, కళ్ళు మూసుకుని ఉంది. రెండోది ముకుందరావుది.

అతను చెల్లెల్ని చూశాడు. ఆమె చంకలో పిల్లని చూశాడు. మొహంలో ఏమీ కదల్లేదు. అటు తండ్రి మెల్లగా కళ్ళు తెరిచి, లోపల కూతురి మొహం చూసి, ఆ చూపు ఎటుందో అటు తల తిప్పాడు. తన పక్కనే, తనలాగే వేళ్ళ మీద లేచి, తనలాగే మెడ చాచి, కొడుకు.

ఏడు నిమిషాలు. పట్టీ కాబట్టి అతను కదల్లేదు. అలవాటు కాబట్టి ఆయనా కదల్లేదు. హైమ ఎందుకు కదల్లేదో నాకు తెలియదు. బయట ఎవరో హారతిపాట మొదలుపెట్టారు. పిల్ల ఆ రెండు నుదుళ్ళనీ చూసి చెయ్యి ఊపింది.

ఏడు నిమిషాలు అయ్యాక రెండు తలలూ ఒకేసారి కిందికి దిగాయి. తండ్రీకొడుకులు వెనక్కి తిరగకుండా రెండడుగులు వెనక్కి వేశారు. చెప్పులు తొడుక్కుంటూ ముకుందరావు అన్న మాట కిటికీలోంచి నాకు వినపడింది.

"మోకాలు ఎలాగుంది అయ్యా?"

సుగుణ ఆనందంతో ఏడుస్తోంది. "పిల్ల కనబడినాది! సెయ్యి ఊపింది, సూసినావా?"

"సూసినాను," అన్నాడతను. పట్టీలు అతన్ని గంటస్తంభం వైపు తీసుకెళ్ళాయి.

వ్యాను ఇప్పుడే కావాలని ఫణిభూషణ్ గారి కాళ్ళావేళ్ళా పడ్డాను. వ్యాను పత్రికలవాళ్ళని తిప్పుతోంది, ఎల్లుండి అన్నాం కదా అన్నారు. పోలీసులకి చెబుదామనుకున్నాను. చెబితే ముత్తైదువ కథ ఎవరు రాశారని అడుగుతారు. లోకనాథం దగ్గరకెళితే ఆయన నాకే ధైర్యం చెప్పాడు.

"మావోడు మారినాడమ్మా. సూసినావు కదా, ఒక్క మాట అన్లేదు. నిన్నింటికెళ్తే మోకాలికి నూని రాసినాడు తెలుసా? ఆడే రాసినాడు, సేత్తోటి." ఆ మాట చెప్పింది గురువారం పొద్దున. ముప్ఫై ఏళ్ళు రకరకాల మనుషుల్ని చూసిన మనిషి, మొహం చూసి ఏ జిల్లావాడో చెప్పగలిగినవాడు, కొడుకు నూనె రాస్తే కరిగిపోయాడు.

ఇంకోటి నేను పట్టించుకోలేదు. బుధవారం తిరిగొచ్చిన పట్టీల్లో ఒక జత తక్కువైంది.

రోజూ ఒంటిగంట నుంచి మూడింటిదాకా నడకలుండవు, పట్టీలకి చార్జింగు పెడతాం. ఆ వేళ ఎండకి సున్నపు బట్టీ వీధిలో మేక కూడా ఉండదు. గురువారం రెండుంబావుకి తెర మీద ఒక పట్టీ కదలడం కనపడింది. మూడు లాంతర్ల దగ్గర బయలుదేరింది. నడక ఎవరిదా అని నొక్కితే యంత్రం పేరు చూపించింది: లోకనాథం. పోలిక నూటికి తొంభై ఒకటి.

నవ్వొచ్చింది నాకు. జనం గోల లేనప్పుడు ప్రశాంతంగా చూసుకుందామని ముసలాయన బయలుదేరాడనుకున్నాను. పోయిన పట్టీ ఆయన దగ్గరే ఉందన్నమాట అనుకున్నాను. టీ తెప్పించుకుని తెర ముందే కూర్చున్నాను. కోట తూర్పు గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు ఆగాడు. ఆ ఎండలో, ఒంటరిగా, తలెత్తి గుమ్మం చూస్తున్నట్టు. తర్వాత పాత గుర్రాలశాల గోడ, రెండు నిమిషాలు. చింతచెట్టు నీడ, ఒక నిమిషం. ఎక్కడా తొందర లేదు. ఎవర్నీ దారి అడగకుండా ఆ ఇల్లు చేరాలంటే ఊళ్ళో వింతలన్నీ చూసుకుంటూ వెళ్ళాల్సిందే మరి.

సున్నపు బట్టీ వీధి. బూడిదరంగు తలుపు. పట్టీ ఆగింది.

ఎడమ చెప్పు విప్పమని పట్టీ మీటింది. కాలు విప్పలేదు. పట్టీ మళ్ళీ మీటింది. పిక్క బిగుసుకుంది. తెర మీద ఎర్రగీత పైకి లేచింది, పట్టీ ఒకవైపు లాగుతోంది, కాలు ఇంకోవైపు.

గ్లాసు వదిలేసి పరిగెత్తాను.

నేను మెట్లు దిగుతుండగా ఆ పాదాలు చెప్పులతోనే గడప దాటాయట. తర్వాత రికార్డు చూస్తే ఉంది: లోపలికి ఏడు అడుగులు. పదకొండు సెకన్లు. బయటికి ఏడు అడుగులు. నేను వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. పిల్ల ఉయ్యాల్లో నిద్ర లేవలేదు. హైమ ఉయ్యాలకీ కిటికీకీ మధ్య నేల మీద ఉంది, కొబ్బరికాయలు కొట్టే బండ దగ్గరి కత్తి ఆమె పక్కనే ఉంది.

తను పనిచేసే ప్రింటింగు ప్రెస్సు నుంచి రాజారత్నం పరిగెత్తుకొచ్చాడు. పిల్లని తీసుకుని వెళ్ళిపోయాడు. ఈసారి మేస్త్రి అడ్డం రాలేదు. పోలీసులు కిటికీకి చెక్కలు కొట్టించారు. జనం చెక్కలకే పసుపు రాశారు. చనిపోయిన ఆడమనిషి ఎవరని పోలీసులు లోకనాథాన్ని అడిగితే, తనకి తెలియదన్నాడు. తన కూతురు రెండేళ్ళ కిందటే పోయిందని, దినం పెట్టిన రోజు కూడా చెప్పాడు.

ఎవరూ చూడని వేళ జరిగిన పని. సాక్షి లేదు. ఒక్క పట్టీ తప్ప. దాని రికార్డు రేపు పోలీసులకి ఇవ్వాలనగా, మూడు వారాల తర్వాత, లోకనాథం మా ల్యాబుకి వచ్చాడు. గడ్డం పెరిగింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికొచ్చాడు.

"నీ యంత్రం ఆ నడక నాదని సూపెట్టిందంట కదమ్మా."

"ముందు అలాగే చూపించింది."

"అదే రాసిచ్చీ. నాదేనని సెప్పీ. నేనే సేసినానని నేనూ సెప్పీస్తాను. ఉన్నోడు ఒక్కడు." ఆగాడు. "కోడలు నీళ్ళోసుకుంది. కిటికీ తల్లి ఇచ్చిందని ఊరంతా అంటన్నారు."

"లోకనాథం గారూ, నలభై రోజులు నడిచారు మీరు. ఒక్కరోజు కూడా ఆ గుమ్మం ముందు చెప్పులతో నిలబడలేదు. ఈ కాళ్ళు చెప్పులు విప్పలేదు. మీరూ నేనూ ఏం రాసినా యంత్రం ఒప్పుకోదు."

ఆయన తల ఊపాడు. అర్థమైనట్టే. తర్వాత కుర్చీలో కూర్చుని, పంచె ఎగ్గట్టి, మొదటిరోజులాగే కాళ్ళు చాపాడు.

"అయితే ఇప్పుడు కట్టు. ఇప్పుడెల్తాను. సెప్పులతోటే నిలబడతాను. సెప్పులతోటే గడప మీద కాలెడతాను. లోకనాథం అలాగా నిలబడతాడని దానికీ తెలియాల కదా. అప్పుడు ఒప్పుకుంటాది."

వద్దనాలి. అనలేదు. ఆయన చేతులు జోడిస్తే నేను చూడలేకపోయాను. పట్టీలు కట్టాను, మీటే బిళ్ళలు తీసేసి. లాగేది, తొయ్యేది ఏదీ ఉండదు. ఆయన కాళ్ళు, ఆయన ఇష్టం. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని, వాటి వార్లు మడమల మీదికి గట్టిగా లాక్కుని, పట్టీలు కూడా బిగించుకుని వెళ్ళాడు.

నేను తెర ముందు కూర్చున్నాను. మూడు లాంతర్ల దగ్గర ఆగలేదు. కోట దగ్గర ఆగలేదు. ఎడమకాలు ఈడుస్తూ నేరుగా నడిచాడు. వీధి మలుపులో ఒకసారి తడబడి, మళ్ళీ కదిలాడు. బూడిదరంగు తలుపు ముందుకొచ్చి నిలబడ్డాడు.

చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. పది సెకన్లు. ఇరవై. ఆ పిక్కల వణుకు తెర మీద నాకు కనపడుతోంది. నలభై. ఒక కాలు గడప వైపు లేచింది. గాలిలో ఆగింది. మళ్ళీ నేల మీదికే వచ్చింది.

తర్వాత ఎడమ చెప్పు విప్పాడు. తర్వాత కుడిది. చెక్కలు కొట్టిన కిటికీ కింద వేళ్ళ మీద లేచాడు.

ఏడు నిమిషాలు.